పవరు లేని కళ్ళజోడు

మా పక్క వాటాలో డిగ్రీ చదివే అమ్మాయి ఒకతె ఉంది. పరీక్షలు వస్తున్నాయంటే రంగురంగుల పెన్నులు ముందేసుకుని పుస్తకంలో ప్రతి లైనుకీ రంగు పూస్తుంది. మొన్న చూస్తే ఆ పేజీలో రంగు తగలనిది పేజీ నంబరు ఒక్కటే. "ఇందులో ముఖ్యమైంది ఏదే?" అని అడిగాను. "అంతా ముఖ్యమే మామ్మగారూ! నేను వదిలేసిందే పరీక్షలో ఇస్తారేమోనని భయం" అంది. నవ్వుతూనే అంది గానీ ఆ మిగిలిన పేజీ నంబరుకు కూడా రంగు పూసేసింది. అది చూశాక నాకు గంపలగూడెం గుర్తొచ్చాడు. ఆ పిల్ల కోసం, ఆ పిల్లలాంటి మిగతా వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

డెబ్భైల్లో నేను తిరువూరులో ఒక సర్కారు ఆఫీసులో టైపిస్టుని. ఏ ఆఫీసో చెప్పను. అక్కడ పనిచేసినవాళ్ళ పిల్లలు, మనవలు ఇంకా ఆ చుట్టుపక్కలే ఉన్నారు, ఈ వయసులో నాకు గొడవెందుకు? ఆ ఆఫీసులో ఎవరినీ పేరుతో పిలిచే అలవాటు లేదు. ఏ ఊరివాడైతే ఆ ఊరి పేరే. నన్ను మాత్రం అందరూ "మిషనమ్మ" అనేవాళ్ళు, నేను టైపు కొడుతుంటే పక్కగదిలో కూర్చున్నవాళ్ళు కూడా గొంతు పెంచి మాట్లాడుకోవాల్సి వచ్చేది కాబట్టి.

గంపలగూడెం అంటే ఆ ఊరినుంచి వచ్చిన కుర్ర గుమాస్తా. మనిషి నిలువెత్తు. బీరువా జరపాలంటే ఇంకొకరి సాయం అడిగేవాడు కాదు. వాళ్ళింట్లో నెలజీతం మొహం చూసిన మొదటివాడు అతనే. తండ్రి లేడు, తల్లి కూలీకి వెళ్ళి చదివించింది. ఆవిడ బజారుకొచ్చినప్పుడల్లా మా ఆఫీసు గుమ్మం దగ్గర ఒక్క నిమిషం నిలబడి, కుర్చీలో కూర్చున్న కొడుకును చూసుకుని, లోపలికి రాకుండానే వెళ్ళిపోయేది.

ఆ కుర్చీకే ఎసరొచ్చింది. ఉద్యోగం ఖాయం కావాలంటే డిపార్ట్‌మెంటల్ పరీక్ష ఒకటి పాసవాలి. సెలవులు, బదిలీలు, క్రమశిక్షణ, ఇలా సర్కారు నిబంధనలన్నీ అందులో అడుగుతారు. పిల్లలూ, ఇక్కడ మీరు నవ్వుతారు, నాకు తెలుసు. అది పుస్తకం చూసి రాసే పరీక్ష. అచ్చుపుస్తకం హాల్లోకి తీసుకెళ్ళొచ్చు. ఎదురుగా పెట్టుకుని, తెరిచి, వెతుక్కుని రాయొచ్చు. "చూసి రాసేదానికి భయమేంట్రా!" అని ఊళ్ళో అందరూ అతన్ని ఆటపట్టించారు. ఆ పుస్తకం లావు చూసినవాళ్ళు మాత్రం అనలేదు.

మా గంపలగూడెం ఏం చేశాడంటే, ఆ పుస్తకం మొత్తం చేత్తో ఎత్తి రాసుకున్నాడు. పొద్దున్నే లేచి రాయడం, భోజనాల వేళ రాయడం. నిబంధన నీలం సిరా, ఉపనిబంధన ఎర్ర సిరా. ముత్యాలకోవ అంటారే, అలాంటి దస్తూరి. మధ్యలో ఒక్క అక్షరం తప్పు పోతే కొట్టేసి ముందుకెళ్ళేవాడు కాదు. ఆ పేజీ చింపి మళ్ళీ మొదటినుంచి రాసేవాడు. మా హెడ్ క్లర్కు గారు ఆ నోట్సు పుస్తకాలు అందరికీ చూపించి "చదువంటే ఇదయ్యా!" అని మురిసిపోయేవారు.

తీరా బందరు వెళ్ళి హాల్లో కూర్చుంటే, చేతిరాత పుస్తకాలు బయట పెట్టమన్నారు. అచ్చుపుస్తకమే లోపలికి. అతని దగ్గర అచ్చుపుస్తకమూ ఉంది గానీ, అందులో ఎక్కడ ఏముందో అతనికి తెలియదు. చేతులు రాశాయి, బుర్ర చదవలేదు. మొదటిసారి ఫెయిలయ్యాడు. ఆ తర్వాత ఏం చేశాడనుకున్నారు? ఇంకా శ్రద్ధగా రాయలేదేమోనని పుస్తకం మొత్తం మళ్ళీ ఎత్తి రాశాడు! రెండోసారి హాల్లో గుండె దడ మొదలై, చెమటలు పట్టి, ప్రశ్నపత్రంలో అక్షరాలు అలికేసినట్టయి, లేచి బయటికొచ్చేశాడు. బస్టాండులో కూర్చుని కాసేపటికి గానీ ఏ ఊరి బస్సు ఎక్కాలో గుర్తు రాలేదట.

ఇక మిగిలింది ఒకే ఒక్క అవకాశం. అది కూడా పోతే ఉద్యోగం పోయినట్టే.

అప్పటినుంచి మనిషి మారిపోయాడు. క్యారేజీ తెచ్చేవాడు, విప్పేవాడు కాదు. తల్లి దిష్టి తీయించింది, తాయెత్తు కట్టించింది. ఒకరోజు మధ్యాహ్నం అందరూ భోజనాలకు వెళ్ళినప్పుడు నా మిషను పక్కన స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"అక్కా, నాకు నిద్ర పట్టట్లేదు. ఊరికే దడగా ఉంటంది. చదివిన లైనే మళ్ళీ మళ్ళీ చదువుతున్నా. ఒక్కోసారి ఎందుకొచ్చిన బతుకు అనిపిస్తంది."

బీరువాలు ఎత్తే మనిషి అలా అంటాడని ఊహించలేదు. చేతిలో కాగితం కింద పెట్టేసి అతని వైపు తిరిగి కూర్చున్నాను. "ఆ మాట నాకు చెప్పావు, మంచిపని చేశావు. ఇప్పుడు డాక్టరుకు చెప్పాలి. మా పిన్ని కూతురికి పురుడు వచ్చాక ఇలాగే అయితే బెజవాడలో ఒకాయన చూశారు. ఇప్పుడది ఇద్దరు పిల్లల్ని ఉతికి ఆరేస్తోంది. శనివారం వెళ్దాం."

"తాయెత్తు ఉందిగా అక్కా..."

"తాయెత్తు ఉండనీ. దానికి తోడు డాక్టరు కూడా ఉంటే నష్టమేంటి?"

వెళ్ళడానికి ఒప్పుకున్నాడు గానీ ఎవరికైనా తెలిస్తే పిచ్చివాడంటారని ఒకటే బెంగ. శనివారం సెలవు చీటీ చూసి హెడ్ క్లర్కు గారు "బెజవాడ ఎందుకోయ్?" అని అడిగారు. మనవాడు నావైపు చూశాడు. నేనే అందుకుని "కళ్ళు మసకలు అంటున్నాడండీ, కళ్ళ డాక్టరు దగ్గరికి" అనేశాను. అంతే, అబద్ధానికి కాళ్ళొచ్చి దానంతటదే నడిచింది. సోమవారం ఆఫీసంతా "అద్దాలేవి? అద్దాలేవి?" అని అడగడం. రెండో విడత బెజవాడ వెళ్ళినప్పుడు ఇక తప్పక బీసెంట్ రోడ్డులో పవరు లేని సాదా అద్దాలు వేయించి కళ్ళజోడు కొనుక్కొచ్చాడు. అది పెట్టుకుంటే ముక్కు మీద కాయ కాసింది గానీ, చూపులో తేడా ఏముంటుంది! హెడ్ క్లర్కు గారు మాత్రం "చూశావా, జోడు వచ్చాక దస్తూరి ఇంకా బాగుపడింది" అని మెచ్చుకున్నారు.

డాక్టరు గారు వయసులో చిన్నాయన, తీరిగ్గా మాట్లాడే మనిషి. మందులు ఇచ్చారు. "నీ బుర్ర కాపలా కుక్కలాంటిదయ్యా. దొంగ వచ్చినా అరుస్తోంది, చుట్టం వచ్చినా అరుస్తోంది. కుక్కను తరిమెయ్యక్కర్లేదు, చుట్టాన్ని గుర్తుపట్టడం నేర్పుదాం" అన్నారట. తర్వాత నోట్సుల సంగతి విని ఒక ప్రశ్న వేశారట.

"రోజులో భయం లేకుండా ఏదైనా రాస్తావా?"

"ఆఫీసు నోటు రాస్తానండి."

"దానికెందుకు భయం లేదు?"

గంపలగూడెం ఆలోచించి చెప్పాడట. "నేను రాసింది హెడ్ క్లర్కు గారు చూస్తారండి. తప్పుంటే దిద్దుతారు. ఆ పైన ఆఫీసరు గారు చూస్తారు. నాతోనే అయిపోదుగా అండి."

"మరైతే చదువు కూడా అలాగే రాయి. ఎవరైనా చూసేలాగా, అరపేజీ దాటకుండా. తప్పు పోతే కొట్టెయ్యి, చింపకు."

ఆఫీసు నోటు అంటే ఏమిటో మీకు చెప్పాలి. ఎవరో ఒక అర్జీ పెట్టుకుంటారు. గుమాస్తా దాన్ని చదివి, ఒక కాగితం మీద మూడు ముక్కలు రాస్తాడు. ఇతను అడిగింది ఇది, నిబంధన ఇలా ఉంది, పుస్తకంలో ఫలానా చోట ఉంది, కనుక ఇవ్వొచ్చు లేదా ఇవ్వకూడదు, ఆదేశాల కోసం సమర్పించడమైనది. అంతే. పుస్తకంలోని ఇంగ్లీషు ముక్కను తన తెలుగులోకి తెచ్చుకుంటే తప్ప ఆ నోటు రాయలేడు. ఎత్తి రాయడానికి అక్కడ చోటే లేదు.

అర్జీలు కావాలి కదా! ఆ పని నేను మీద వేసుకున్నాను. పరీక్షకు సాయమని చెప్పి హెడ్ క్లర్కు గారినీ కలుపుకున్నాను. ఆయన గురించి ఇక్కడ ఒక మాట చెప్పకపోతే కథ నడవదు. మీసం కింద నవ్వు దాచుకునే మనిషి, నిబంధనలు కంఠోపాఠం. ఆయనకున్న ఒకే ఒక్క బలహీనత, ముందుకు వచ్చిన ఏ కాగితం మీదైనా పొట్టి సంతకం పెట్టడం. ఒకసారి తన బావమరిది పెళ్ళి శుభలేఖ మీద సంతకం చేసి, తేదీ వేసి, ఆఫీసరు గారికి పంపించేశారు. అది తిరిగి "చూశాను" అని వచ్చింది.

రోజూ భోజనం తర్వాత ఆయన గంభీరంగా ఒక దొంగ అర్జీ చెప్పేవారు, నేను టైపు కొట్టేదాన్ని. అత్తగారు అలిగి వచ్చిందని సెలవు పొడిగించమన్న గుమాస్తా. నూజివీడు బదిలీ చేస్తే మామిడిపళ్ళు వేడి చేస్తాయని వద్దన్న ఉద్యోగి. ఆఫీసంతా చుట్టూ మూగి తలా ఒక కోరిక కలిపేవాళ్ళు. సాయంత్రానికి గంపలగూడెం ట్రేలో ఆ అర్జీ, దాని మీద అరపేజీ నోటు. హెడ్ క్లర్కు గారు ఎర్ర సిరాతో దిద్ది మర్నాడు ఇచ్చేవారు.

ఒక్కసారిగా అంతా బాగయిపోలేదు. మందు మొదట్లో మత్తుగా ఉండి మధ్యాహ్నం కునుకు పట్టేది, డాక్టరు మోతాదు తగ్గించారు. కొన్ని రోజులు దడ మామూలే. అలాంటి రోజు నోటు పైన మూలన చిన్న ఇంటూ గుర్తు పెట్టుకొమ్మన్నారట డాక్టరు. ఆ రోజు కొత్తది రాయలేకపోతే పాత నోట్లలో చివరి లైను ఒక్కటీ చదువుకుంటే చాలన్నారట. కొన్నాళ్ళయ్యాక నేనూ అతనూ నోట్లన్నీ ముందేసుకుని చూశాం. ఇంటూ ఉన్న కాగితాల మీద ఎర్ర సిరా ఎక్కువ ఉంటుందని అతని నమ్మకం. ఎక్కువ లేదు. మంచి రోజుల్లో ఎంత ఉందో ఇంచుమించు అంతే ఉంది.

"ఇదేంటక్కా" అన్నాడు ఆ కాగితాలు తిరగేస్తూ. "భయపడిన రోజు కూడా నేను సరిగ్గానే రాస్తన్నానా?"

"నీ భయానికి నిబంధనలు రావు, నీకొచ్చు" అన్నాను. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు కాదు, కళ్ళు.

పరీక్ష ఇంకో వారం ఉందనగా అసలు గండం వచ్చింది. ఆ రోజు హెడ్ క్లర్కు గారు మంచి హుషారు మీద ఉన్నారు. పెనుగొలను వాస్తవ్యుడైన ఒక ఉద్యోగి తన గేదె ఈనిందనీ, దానికి ప్రసూతి సెలవు ఇప్పించాలనీ అర్జీ చెప్పారు. నేను మార్జిన్లు కూడా తప్పకుండా కొట్టాను. గంపలగూడెం చక్కటి నోటు పెట్టాడు. మర్నాడు పొద్దున హెడ్ క్లర్కు గారు మామూలుగా కాగితాల దొంతరకు సంతకాలు పెట్టుకుంటూ పోయారు. తను కల్పించిన గేదె అర్జీకి కూడా పొట్టి సంతకం పెట్టి, తేదీ వేసి, పైకి పంపేశారు!

మా ఆఫీసరు గారు కొత్తగా వచ్చారు. మాట్లాడితే పెదవులు తప్ప ముఖంలో ఏ కదలికా ఉండదు. మధ్యాహ్నానికి ఆ ఫైలు తిరిగొచ్చింది. మీద ఆకుపచ్చ సిరాతో ఒకే ముక్క. "చర్చించండి."

అంటే ఎదురుగా వచ్చి సంజాయిషీ చెప్పుకోమని. సర్కారు ఆఫీసులో ఆ మాట చూస్తే పెద్ద పెద్దవాళ్ళే నీరుగారిపోతారు. హెడ్ క్లర్కు గారి మీసం కిందికి వాలింది. గంపలగూడెం ముఖం తెల్లబోయింది, ఊపిరి గబగబా తీస్తున్నాడు. "అయిపోయిందక్కా. పరీక్ష దాకా కూడా ఉంచరు" అన్నాడు. "పద, ముగ్గురం వెళ్దాం. పుస్తకం తెచ్చుకో" అన్నాను.

లోపల ఆఫీసరు గారు ఫైలు తెరిచి పెట్టుకుని ఉన్నారు. "ఈ నోటు రాసిందెవరు?"

"నేనేనండి" అన్నాడు గంపలగూడెం. "పరీక్షకు చదువుకోడానికండి. నిజం అర్జీ కాదండి. పొరపాటున పైకొచ్చిందండి."

హెడ్ క్లర్కు గారు ముందుకొచ్చి "తప్పు నాదే సార్, నేనే..." అనబోతుంటే ఆయన చెయ్యెత్తి ఆపారు.

"సరే. గేదెకు ఇవ్వరు. దాన్ని చూసుకోడానికి యజమాని సెలవు అడిగాడు. ఇచ్చి తీరాలా?"

గంపలగూడెం చేతిలో పుస్తకం వణుకుతోంది. ఆ వణుకుతున్న చేత్తోనే తెరిచాడు. వెతకలేదు. ఒకటి రెండు పేజీలు అటూ ఇటూ తిప్పి వేలు పెట్టాడు. "ఇవ్వాలని లేదండి. సెలవు హక్కుగా అడగడానికి లేదండి. ఆఫీసు పని చూసుకుని తమరు ఇవ్వొచ్చు, ఆపొచ్చు."

"ఇచ్చాక మధ్యలో వెనక్కి పిలవొచ్చా?"

మళ్ళీ పేజీ తిప్పాడు, మళ్ళీ వేలు పెట్టాడు. ఇలా నాలుగైదు అడిగారు. ప్రశ్న పూర్తవకముందే పుస్తకం తెరుచుకుంటోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఆఫీసరు గారు ఫైలు వైపు చూశారు. "నోటులో ఒక లోపం ఉంది."

హెడ్ క్లర్కు గారు మళ్ళీ ముందుకొచ్చారు.

"సదరు గేదె ఈ కార్యాలయ ఉద్యోగి కాదు అని రాశావు. సర్వీసు రిజిస్టరు పరిశీలించావా?"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. ముందు నవ్వింది గంపలగూడెమే. బీరువా జరిపినంత చప్పుడుతో నవ్వాడు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! ఆఫీసరు గారు ముఖం అలాగే పెట్టుకుని ఆకుపచ్చ కలం తీసి కింద రాశారు. "తిరస్కరించడమైనది. గేదెకు తెలియజేయండి." ఫైలు చేతికిస్తూ "పరీక్ష బాగా రాయవయ్యా. రేపటినుంచి ఆ అర్జీలు నాక్కూడా ఒకటి పంపండి" అన్నారు.

బందరు వెళ్ళొచ్చాక అతను చెప్పిన సంగతి నాకు ఇప్పటికీ ఇష్టం. హాల్లో దడ వచ్చిందట. రాకుండా ఎందుకుంటుంది? అయితే ఈసారి లేచి బయటికి రాలేదు. ప్రశ్నపత్రం పైన మూలన చిన్న ఇంటూ గుర్తు పెట్టుకుని, మొదటి ప్రశ్నను అర్జీ అనుకుని, రాయడం మొదలుపెట్టాడట.

పాసయ్యాడు. కబురు తెలిసిన రోజు వాళ్ళమ్మ గుమ్మం దగ్గర ఆగలేదు. సరాసరి లోపలికొచ్చి, కొడుకు కుర్చీ పక్కన నిలబడి, అందరి చేతుల్లో బూందీ పెట్టింది. అందరూ తింటుండగా గంపలగూడెం లేచి కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"మీకో మాట చెప్పాలండి. నా కళ్ళకేం కాలేదు. నేను బెజవాడ వెళ్ళింది మనసు డాక్టరు దగ్గరికి. భయం జబ్బు చేసింది. ఇంకా మందులు వాడుతున్నా. ఇంకొన్నాళ్ళు వెళ్తా."

నోట్లో బూందీ ఉన్నవాళ్ళు నమలడం ఆపేశారు. హెడ్ క్లర్కు గారు తల వంచుకుని ముందున్న కాగితాల మీద సంతకాలు పెట్టుకుంటూ ఉన్నారు. పిచ్చివాడన్న మాట ఎవరినోటా రాలేదు. కాసేపటికి ఎవరో "అయితే ఇన్నాళ్ళూ సాదా అద్దాలేనట్రా!" అన్నారు. నవ్వులు మొదలయ్యాయి. అతనూ నవ్వాడు.

సాయంత్రం ఆఫీసు ఖాళీ అయింది. నేను మిషను మీద గుడ్డ కప్పుతున్నాను. హెడ్ క్లర్కు గారు గంపలగూడెం బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డారు. చేతిలో ఏ కాగితమూ లేదు. ఆయన్ని అలా ఉత్తచేతులతో నేనెప్పుడూ చూడలేదు.

"ఏమోయ్... ఆ డాక్టరు శనివారాలే చూస్తాడా?" అని అడిగారు. మీసం కింద ఆ రోజు నవ్వేమీ లేదు. "రెండేళ్ళయింది, ఇంట్లో దానికి కూడా చెప్పలేదు. నిద్ర రాదు. నీ అరపేజీ నోట్లయితే ఎలాగో దిద్దాను గానీ, మిగతా కాగితం చదువుదామంటే అక్షరం బుర్రకెక్కదు. అందుకే చదవకుండా సంతకం పెట్టేస్తున్నా."

ఆ పొట్టి సంతకాలకు ఎన్నిసార్లు నవ్వుకున్నామో నాకు ఒక్కసారి గుర్తొచ్చింది.

గంపలగూడెం ఏమీ ఆశ్చర్యపోలేదు. బల్ల మీదున్న కళ్ళజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, ఆయన చేతిలో పెట్టాడు.

"శనివారం ఇద్దరం వెళ్దాం సార్. ఎవరైనా అడిగితే కళ్ళకని చెప్పండి. ఇది పెట్టుకోండి. చెప్పగలిగిన రోజు తీసేద్దురుగాని."